రీల్స్ మీకంటే వాళ్లకే బాగా వచ్చు, అయితే ఏమిటి?

ప్రశ్న: విశాఖలో ఒక డిగ్రీ కాలేజీలో కామర్స్ చెబుతాను. జూలై నుంచి డిజిటల్ మీడియా స్కిల్ కోర్సు కూడా నన్నే చూడమన్నారు. స్టాఫ్‌రూమ్‌లో ప్రొజెక్టర్ తగిలించడం వచ్చినది నాకొక్కదానికే కాబట్టి ఆ పని నా నెత్తిన పడింది. అరవై మంది పిల్లలు. సగం మంది రీల్స్‌లో ఆరితేరినవాళ్లు. పాడేరు, అరకు వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉండే కొందరి దగ్గర సరైన ఫోనే లేదు. కొంతమంది ఆడపిల్లలు ‘మా ముఖం యూట్యూబ్‌లో కనిపిస్తే ఇంట్లో చదువు మానిపించేస్తారు మేడమ్’ అంటున్నారు. ల్యాబ్‌లో పాత కంప్యూటర్లు. కాలేజీకి ఒక కెమెరా ఉంది, అది ప్రిన్సిపాల్ గారి బీరువాలో ఉంటుంది. ఆయనేమో పిల్లల చేత అడ్మిషన్ల వీడియోలు తీయించమంటున్నారు. నాకు ఎడిటింగ్ రాదు. ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకుని క్లాసుకి వెళ్లాలి? మార్కులు ఎలా వేయాలి? 25 వేల రూపాయలు ఇచ్చారు, మార్చి నెలాఖరులోగా ఖర్చు పెట్టాలి. ఏం కొనమంటారు?
– పేరు వేయొద్దన్న లెక్చరర్, విశాఖపట్నం

సమాధానం:

మేడమ్ గారూ,

సాఫ్ట్‌వేర్ సంగతి తర్వాత చూద్దాం. ముందు మీ భయం సంగతి. పిల్లలకి మీకంటే ఎక్కువ తెలుసు అనుకుంటున్నారు. ఆ మాట నిజమే. క్లిప్ కత్తిరించడం, పాట తగిలించడం, స్లో మోషన్ పెట్టడం వాళ్లు అర నిమిషంలో చేసేస్తారు. మీరు ఆర్నెల్లు కూర్చున్నా ఆ వేగం అందుకోలేరు, అందుకోనక్కర్లేదు కూడా. వాళ్లకి రానివి వేరే ఉన్నాయి. తీసినదాంట్లో ఏది పారేయాలో తెలియదు. ఎదుటి మనిషిని ఏమడగాలో తెలియదు. ‘ఈ మాట నీకెవరు చెప్పారు?’ అంటే నీళ్లు నములుతారు. ఈ చివరిదాంట్లో మాత్రం మీరు చెయ్యి తిరిగినవారు. వోచర్ అనే ఆధార కాగితం లేకుండా పద్దు రాస్తే మీ క్లాసులో మీరు ఊరుకుంటారా? ఇక్కడా అంతే. వీడియోలో వినిపించే ప్రతి వాక్యానికీ వోచర్ అడగండి. ఎవరన్నారు, ఎప్పుడన్నారు, నువ్వు స్వయంగా విన్నావా, వాట్సాప్‌లో చూశావా? సెమిస్టర్ పొడుగునా మీరు ఇదొక్కటీ విసుగు లేకుండా అడిగినా కోర్సు సగం చెప్పినట్టే.

ఇక నా సలహా కొంచెం వింతగా అనిపించవచ్చు. మొదటి అయిదు వారాలూ కెమెరా ఊసెత్తకండి. శబ్దంతో మొదలుపెట్టండి.

దీనికి కారణాలు ఉన్నాయి. శబ్దం రికార్డు చేయడానికి అయిదేళ్ల కిందటి ఫోనైనా చాలు, పాతిక వేల ఫోన్ ఉన్నవాడికి పెద్దగా కలిసొచ్చేదేమీ ఉండదు. ముఖాల గొడవ ఉండదు. ఫైళ్లు చిన్నవి, మీ పాత కంప్యూటర్లు మొరాయించవు. అన్నిటికీ మించి, మంచి ఫ్రేముతో చెడ్డ శబ్దాన్ని కప్పిపుచ్చే దారి పిల్లలకి మూసుకుపోతుంది. చూసేవాళ్లు మసక బొమ్మనైనా భరిస్తారు గానీ మాట సరిగ్గా వినబడకపోతే క్షణం ఆగరు. మన ఊళ్లో ఆకాశవాణి కేంద్రం 1963 నుంచి ఉంది. అక్కడ పనిచేసి రిటైరైన అనౌన్సర్లు ఎవరైనా మీకు తెలిసుంటే ఒక పూట క్లాసుకి పిలవండి. ఊపిరి ఎక్కడ తీసుకోవాలి, కాగితం చప్పుడు కాకుండా ఎలా తిప్పాలి అన్నవి వాళ్లు చెప్పినట్టు ఏ యూట్యూబ్ పాఠమూ చెప్పదు.

మొదటి పని ఇలా ఇవ్వండి. నలుగురేసి జట్టు. ఒక చోటికి వెళ్లాలి, రెండు నిమిషాల శబ్దం తేవాలి, ఒక్క ముక్క వ్యాఖ్యానం ఉండకూడదు. క్లాసులో కళ్లు మూసుకుని వింటే అది ఏ చోటో తెలిసిపోవాలి. పూర్ణా మార్కెట్, ఆర్టీసీ కాంప్లెక్స్, ఎంవీపీ కాలనీ రైతు బజారు, రైల్వే స్టేషను. తెల్లవారుజామున వెళ్లగలిగిన జట్టుకి ఫిషింగ్ హార్బర్ ఇవ్వండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉండే వేట నిషేధం అప్పటికి అయిపోయి ఉంటుంది, బోట్లు వస్తూ పోతూ ఉంటాయి, వేలంపాటలు జోరుగా సాగుతుంటాయి.

మొదటిసారి తెచ్చినదంతా గోలగోలగా ఉంటుంది. కంగారుపడకండి, అదే పాఠం. ఫోన్ మైకు చాలా ఫోన్లలో అడుగు భాగాన ఉంటుంది, పిల్లలు సరిగ్గా అక్కడే అరచెయ్యి వేసి పట్టుకుంటారు. ఫోన్ తిప్పి పట్టుకోమనండి. మాట్లాడే మనిషి నోటికి జానెడు దూరంలో ఉండాలి, మూరెడు కాదు. బీచ్ రోడ్డు మీదైతే గాలి మైకుని కొడుతూ బుస్సుమంటుంది, దాన్ని తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ శుభ్రంగా తీయలేదు. గాలికి వీపు పెట్టి నిలబడి, మైకుకి స్పాంజి ముక్క చుట్టాలి. రికార్డింగ్ మధ్యలో ఫోన్ మోగకుండా ఫ్లైట్ మోడ్‌లో పెట్టాలి. లోపల రికార్డు చేసేటప్పుడు ఫ్యాన్ ఆపాలి. విశాఖ ఉక్కలో ఫ్యాన్ ఆపమంటే పిల్లలు మిమ్మల్ని తిట్టుకుంటారు, తిట్టుకోనివ్వండి. వచ్చేముందు అందరూ నోరు మూసుకుని ఆ చోటి శబ్దాన్ని అర నిమిషం విడిగా పట్టుకోవాలి. రెండు మాటల్ని అతికినప్పుడు మధ్యలో పడే గోతిని పూడ్చడానికి అది పనికొస్తుంది.

రెండో పని, మనిషితో మాట్లాడించడం. ఇక్కడ మీరు కాస్త నిలబడి చూడాలి. పిల్ల మైకు పట్టుకుని చేపలమ్మే ఆవిడ దగ్గరికి వెళ్లి ‘మీ జీవితం గురించి చెప్పండి’ అంటుంది. ఆవిడ ‘ఏటి చెప్పమంటావు, ఏదో నడస్తంది’ అని తట్ట సర్దుకుంటుంది. అయిపోయింది ఇంటర్వ్యూ. అదే పిల్ల ‘ఈ కోనాం తట్ట ఎంతకి పాడుకున్నావమ్మా?’ అని అడిగితే ఆవిడ కళ్లు పైకెత్తుతుంది. వేలంపాట ఎంతకి పోయిందో, ఎవరు పైకి లాగారో చెబుతుంది. ఐసుకి ఎంతయిందో, ఆటోకి ఎంతిచ్చిందో, సాయంత్రానికి మిగిలిపోతే ఎంతకి వదిలేయాలో తనే చెప్పుకొస్తుంది. అప్పు సంగతి కూడా ఎవరూ అడక్కుండానే వస్తుంది. జవాబుగా అంకె వచ్చే ప్రశ్న ఒకటి ముందు అడగమనండి, కథ దాని వెనకాలే నడిచొస్తుంది. హార్బర్‌లో తట్ట ధర, రైతు బజారులో కిలో ధర, మధ్యలో చేతులు మారిన లెక్క: ఇది మీ సబ్జెక్టే కదా! మీడియా చదివినవాళ్లకి తట్టని ప్రశ్నలు మీకు తడతాయి.

అలా తెచ్చిన ఆరేడు నిమిషాల మాటల్ని తొంభై సెకన్లకి దించమనండి. కంప్యూటర్ ముందు కాదు, ముందు కాగితం మీద. విన్నది విన్నట్టు రాయాలి. గూగుల్ వాయిస్ టైపింగ్ తెలుగులోనూ పనిచేస్తుంది, వాడుకోనివ్వండి. అయితే మన వైపు యాస వచ్చేసరికి అది తడబడి ఏవేవో రాస్తుంది, పిల్లలే కూర్చుని దిద్దాలి. ఆ దిద్దుబాటు రెండు గంటల్లో వాళ్లు ఆ మనిషి మాటని మొదటిసారి నిజంగా వింటారు. ఆవిడ ‘నడస్తంది’ అంటే ‘నడుస్తోంది’ అని మార్చకూడదు, సబ్‌టైటిల్లో కూడా. తర్వాత ఏ వాక్యం ఉంచాలో గీత గీసి, ఎందుకు ఉంచారో పక్కన ఒక ముక్క రాయాలి. ఆ కాగితాన్ని మీరు జాగ్రత్త చేయండి, మార్కుల దగ్గర మళ్లీ కావాలి.

వ్యాఖ్యానం రాయమంటే ఇంకో జబ్బు బయటపడుతుంది. ఇన్‌స్టాలో అంత చలాకీగా మాట్లాడే కుర్రాడు కాగితం ముందు కూర్చోగానే ‘ప్రకృతి రమణీయతకు ఆలవాలమైన విశాఖ మహానగరంలో’ అని మొదలెడతాడు. గిడుగు రామమూర్తి గారు వాడుక భాష కోసం అంత పోరాడింది, ఆయన పుట్టినరోజున ఆగస్టు 29న మనం తెలుగు భాషా దినోత్సవం జరుపుకొనేది ఇందుకేనా అనిపిస్తుంది. ఆ వాక్యాన్ని మీ అమ్మకి ఫోన్లో ఎలా చెబుతావో అలా చెప్పి రికార్డు చేసుకో, తర్వాత దాన్నే రాసుకో అనండి.

ఆరో వారం నుంచి వీడియో. ఇక్కడ త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే చాలావరకు వాళ్లే చేసుకుంటారు. ఒక పనిని చూపించడానికి అయిదు షాట్లు తెమ్మనండి: చేతులు, ముఖం, దూరం నుంచి మొత్తం, భుజం మీదుగా, ఇంకొకటి వాళ్లిష్టం. ఒక్కో షాట్ పది సెకన్లు కదలకుండా. కదిలించడం రీల్స్‌లో అలవాటైపోయింది, కదలకుండా ఉంచడమే కష్టం. ముఖం ఇష్టంలేని పిల్లలకి చేతుల షాట్ ఉంది కదా. కుట్టుమిషను మీద చేతులు, పకోడీల బాణలి దగ్గర చేతులు, వల అల్లే చేతులు: ముఖం ఒక్కసారీ కనబడకుండా మూడు నిమిషాలు నడిపించవచ్చు.

క్లాసురూములో తీస్తే బొమ్మ మీద నల్ల చారలు పాకుతున్నాయని ఎవరో ఒకరు ఫోన్ పట్టుకొస్తారు. ఫోన్ చెడిపోలేదు. మన కరెంటు 50 హెర్ట్జ్, ట్యూబులైటు సెకనుకి వందసార్లు వెలుగు తగ్గించి పెంచుతుంది. ఫోన్ సెకనుకి 30 ఫ్రేముల (బొమ్మల) మీద, షట్టర్ (ఒక్కో బొమ్మకి వెలుగు పట్టే సమయం) సెకనులో 1/60 వంతు మీద ఉంటే ఆ రెండు లెక్కలూ కుదరవు. కెమెరా యాప్‌లోని ప్రో మోడ్‌లోకి వెళ్లి 25 ఫ్రేములు, షట్టర్ 1/50 పెడితే చారలు పోతాయి. ఆ సౌకర్యం లేని ఫోనైతే కిటికీ పక్కన తీయడమే.

తెలుగు టైటిళ్లు ఇంకో తలనొప్పి. ఏ యాప్ అయినా ముందు ‘విశాఖపట్నం’ అని టైప్ చేసి చూడండి. ‘ట’ కింద ‘న’ వత్తు సరిగ్గా కూర్చుంటే ఆ యాప్ పనికొస్తుంది. ‘ట్‌న’ అని విడిపోతే వదిలేయండి. డీటీపీ షాపు నుంచి అను ఫాంట్లలో టైప్ చేయించుకొస్తే అది యూనికోడ్ (ఏ కంప్యూటరైనా ఒకేలా చదివే అక్షర పద్ధతి) కాదు, మీ దగ్గర పిచ్చిగీతల్లా కనిపిస్తుంది. గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, మండలి, గిడుగు లాంటివి ఉచితంగా దొరుకుతాయి. శీర్షికకి రామభద్ర బాగుంటుంది. సబ్‌టైటిల్ ఫైలుని నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేసేటప్పుడు యూటీఎఫ్-8 ఎంచుకోవాలి, లేకపోతే అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలవుతాయి.

సాఫ్ట్‌వేర్ అడిగారు కాబట్టి: శబ్దానికి ఆడాసిటీ, వీడియోకి షాట్‌కట్ లేదా కేడెన్‌లైవ్. ఇవన్నీ ఉచితం, పాత కంప్యూటర్లలోనూ కదులుతాయి. డావిన్చీ రిజాల్వ్ కూడా ఉచితమే, గొప్పది కూడా, కానీ మీ ల్యాబ్ దాన్ని మోయలేదు. ఆడాసిటీ ఒక్కటీ ఈ వేసవిలో మీరు నేర్చుకోండి. మిగతావి క్లాసులో ఒక కుర్రాడి చేత చెప్పించండి, మీరు వెనక బెంచీలో కూర్చోండి. అందులో మీ పరువుకి వచ్చే లోటేమీ లేదు. ఫైళ్లు మీకు వాట్సాప్‌లో పంపితే వీడియోగా కాకుండా డాక్యుమెంటుగా పంపమనండి, లేకపోతే నాణ్యత సగం చచ్చిపోతుంది. 4కెలో తీయనివ్వకండి. చాలా ఫోన్లలో అది నిమిషానికి 350 ఎంబీ దాకా తింటుంది, మామూలు 1080 అయితే 130 ఎంబీ దగ్గర సరిపోతుంది.

ఇప్పుడు అసలు బరువైన సంగతి. 2023 నవంబరు 19 రాత్రి మన ఫిషింగ్ హార్బర్‌లో మంటలు లేచి పదుల సంఖ్యలో బోట్లు కాలిపోయాయి. తెల్లారేసరికి ఒక యూట్యూబర్ పేరు ఊరందరి ఫోన్లలో తిరిగింది, వాడే చేశాడన్నారు. పోలీసులు అతన్ని ప్రశ్నించారు కూడా. తీరా విచారణ ముగిశాక అరెస్టు చేసింది వేరే ఇద్దరిని. మీ క్లాసులో ఉన్న వాళ్లలో ఎంతమంది ఆ రాత్రి ఆ పేరు ఫార్వర్డ్ చేశారో అడగండి. చేతులెత్తరు, కానీ మొహాలు చెప్పేస్తాయి. ఒక పీరియడ్ మొత్తం దీనికే ఇవ్వండి. ఆ రాత్రి మనకి నిజంగా తెలిసినవేవి, ఎవరో అన్నవేవి, మనం ఊహించుకున్నవేవి అని బోర్డు మీద మూడు గళ్లు గీసి పిల్లల చేతే నింపించండి. మీ వోచర్ పాఠం ఇక్కడ దానంతటదే ఎక్కుతుంది.

అనుమతి తీసుకోవడం కూడా ఒక నైపుణ్యమే. రికార్డింగ్ మొదట్లోనే ఆ మనిషి చేత పేరు, ఊరు, ‘నా మాటలు కాలేజీ పని కోసం వాడుకోవచ్చు’ అని చెప్పించాలి. చదువు రానివాళ్లకి కాగితం మీద సంతకం కంటే ఇదే మేలు. పద్దెనిమిది నిండని పిల్లలైతే తల్లిదండ్రుల మాట కావాలి. విశాఖలో ఇంకో జాగ్రత్త ఉంది. ఇది తూర్పు నౌకాదళ కేంద్రం, విమానాశ్రయం కూడా నౌకాదళానిదే. కాలేజీ ఫెస్టుకని ఎవరైనా డ్రోన్ పట్టుకొస్తే, 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం డిజిటల్ స్కై అనే ప్రభుత్వ వెబ్‌సైట్ పటంలో ఆ చోటు ఏ జోన్‌లో ఉందో చూసే దాకా పెట్టె విప్పనివ్వకండి. పోర్టు గోడల దగ్గరా, నేవీ గేట్ల దగ్గరా ఫోన్ తీయొద్దని మొదటిరోజే చెప్పండి. బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి గుడి దగ్గర మార్గశిర గురువారాల సందడి మీ సెమిస్టర్ చివర్లో వస్తుంది, చక్కటి విషయం. కానీ ముందుగా ఆలయ కార్యాలయంలో అడిగి, క్యూలో ఉన్నవాళ్ల ముఖాల మీదికి కెమెరా తోయకుండా తీయాలి.

పాటల సంగతి చెబితే వాళ్లు ఏడుస్తారు. ఇన్‌స్టాలో యాప్ లోపలి నుంచి సినిమా పాట పెట్టుకోవడం వేరు, అదే వీడియోని యూట్యూబ్‌కి ఎక్కించడం వేరు. అక్కడ కాంటెంట్ ఐడీ, అంటే ఎవరి పాటో గుర్తుపట్టే యూట్యూబ్ ఏర్పాటు, పట్టుకుంటుంది. ‘అన్నమయ్య కీర్తన పెడతాం మేడమ్, అది ఎవరిదీ కాదు కదా’ అంటారు. సాహిత్యం వరకూ నిజమే. బాణీ కొత్తగా కట్టినదైతే దాని మీద హక్కు ఉంటుంది. ఎవరో పాడిన రికార్డు మీదా ఉంటుంది, మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం విడుదలైన తర్వాత 60 ఏళ్ల దాకా. క్లాసులో పాడే పిల్ల ఎవరైనా ఉంటే పాత బాణీలో ఆ పిల్ల చేతే పాడించండి. లేదా మొదటి అయిదు వారాల్లో మూటగట్టుకున్న శబ్దాలు ఉన్నాయిగా, అవి వాడండి.

ప్రిన్సిపాల్ గారి అడ్మిషన్ల వీడియో గురించి మెత్తగా చెప్పలేను. అది కోర్సులో భాగం కాకూడదు. పైనుంచి కాలేజీ భవనం, మెట్ల మీద నవ్వుతూ దిగే అమ్మాయిలు, చెవులు చిల్లులుపడే సంగీతం: ఇది తీస్తే పిల్లలు నేర్చుకునేదేమీ లేదు, ఆ నవ్వే అమ్మాయిల్లో ఇంట్లో ఒప్పుకోనివాళ్లు కూడా ఉంటారు. ఎదురు చెప్పడం కష్టమైతే ఇలా అనండి: ‘సార్, సెమిస్టర్ అయ్యాక ఇష్టమున్న పిల్లలు విడిగా చేస్తారు, కాలేజీ వాళ్లకి పారితోషికం ఇవ్వాలి.’ పారితోషికం మాట రాగానే ఆ ప్రస్తావన కొన్నాళ్లు రాదు. పిల్లల పనుల్ని కాలేజీ ఛానెల్‌లో పెట్టాల్సి వస్తే అన్‌లిస్టెడ్ లింకు (లింకు ఉన్నవాళ్లకే కనిపించేది) చాలు. తర్వాత ఎప్పుడైనా ఒక విద్యార్థి తన వీడియో తీసేయమంటే కారణం అడక్కుండా తీసేస్తామని రాతపూర్వకంగా ఇవ్వండి. పెళ్లి కుదిరినప్పుడో ఉద్యోగం వచ్చినప్పుడో ఆ ఫోన్ మీకు వస్తుంది.

మార్కులు. వ్యూస్‌కి, లైకులకి ఒక్క మార్కు కూడా వేయకండి. వేస్తే హార్బర్ ఆవిడని వదిలేసి పిల్లలందరూ ప్రాంక్ వీడియోలు తీస్తారు. నేనైతే వందలో నలభై ఆ కాగితానికి ఇస్తాను: ఏం ఉంచారు, ఏం తీసేశారు, ఎందుకు. ముప్ఫై, మొదటి ప్రతికీ చివరి ప్రతికీ మధ్య వచ్చిన మార్పుకి. ఇరవై, ప్రతి మాటకీ ఆధారం చూపినందుకు. మిగిలిన పదే మెరుగులకి. జట్టులో రికార్డింగ్, ఇంటర్వ్యూ, ఎడిటింగ్, రాత పనులు ప్రతి అసైన్‌మెంటుకీ మారాలి, లేకపోతే ఫోన్ ఉన్నవాడే అన్నీ చేసి మిగతా ముగ్గురూ టీలు తెస్తారు. పదిహేను జట్లు, మూడేసి నిమిషాలు, అంటే చూడటానికి ముప్పావు గంట. అరవై మంది చేత విడివిడిగా చేయిస్తే మూడు గంటలు. మీకు కామర్స్ పేపర్లు కూడా దిద్దాలి కదా, జట్లే నయం.

కృత్రిమ మేధ గురించి మీరు అడగలేదు, పిల్లలు అడుగుతారు. మాటల్ని అక్షరాలుగా మార్చడానికి, సబ్‌టైటిల్ ముసాయిదాకి వాడుకోనివ్వండి. మనిషి చెప్పని మాట మనిషి గొంతులో వినిపించిందంటే మాత్రం సున్నా. దానిమీద చర్చ అనవసరం.

ఇక డబ్బు. బీరువాలోని కెమెరా అక్కడే ఉండనివ్వండి, దాని చుట్టూ తిరిగే శ్రమకి అది తగదు. 12 వేల లోపు ఒక మధ్యరకం ఫోన్ కొని, కోర్సు పేరు మీద స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కించి, ఫోన్ లేని పిల్లల జట్లకి సంతకం మీద ఇవ్వండి. వెయ్యి లోపు దొరికే కాలర్ మైకులు ఆరు, చెవిని పూర్తిగా మూసే హెడ్‌ఫోన్లు మూడు, మిగిలినదానికి ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్. ట్రైపాడ్లు వద్దు, ఇటుకలూ పుస్తకాలూ ఉన్నాయి. రింగ్ లైట్లు అసలే వద్దు. మైకులకి కొటేషన్ అడిగేముందు క్లాసులో చేతులెత్తించి లెక్కపెట్టండి, ఎవరి ఫోన్‌కి గుండ్రటి పిన్ ఉంది, ఎవరిది టైప్-సి అని. ఇప్పటి ఫోన్లలో చాలావాటికి గుండ్రటి కన్నం ఉండటం లేదు. టైప్-సి వాళ్లే ఎక్కువైతే నాలుగు టైప్-సివి, రెండు గుండ్రటి పిన్‌వి తీసుకోండి.